లెక్క ఆగిన మధ్యాహ్నం

(అనకాపల్లిలో న్యాయ విద్యార్థులు, పట్టణ పాఠకులు కలిసి ఒక గ్రంథాలయంలో ఏర్పాటు చేసుకున్న సభలో ఓ సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అమెరికా ఎన్నికల తగాదా గురించి అనకాపల్లిలో మాట్లాడటం ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. ఈ ఊళ్లో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడాలండీ? 1989 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడి నుంచి కొణతాల రామకృష్ణ గారు ఎన్ని ఓట్లతో గెలిచారు? (సభలోంచి: "తొమ్మిది!") తొమ్మిది. ఒక షేర్ ఆటోలో సరిపోయే మంది. లక్షల ఓట్లు పోలైన చోట పార్లమెంటు సభ్యుడెవరో ఆ తొమ్మిది మంది తేల్చారు. కాబట్టి ఓటు తేడా సన్నగా ఉన్నప్పుడు కౌంటింగ్ గదిలో ఎలాంటి టెన్షన్ ఉంటుందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అదే టెన్షన్‌ని ఒక దేశాధ్యక్షుడి ఎన్నిక మీద పెట్టి చూడండి. 2000వ సంవత్సరం, నవంబరు 7. ఒకవైపు రిపబ్లికన్ పార్టీ జార్జ్ బుష్, ఇంకోవైపు డెమోక్రాట్ అల్ గోర్. దేశమంతా కలిపి చూస్తే గోర్‌కి 5 లక్షలకి పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. కానీ అక్కడ అధ్యక్షుణ్ని ఎన్నుకునేది నేరుగా జనం కాదు. మొత్తం 538 మంది ఎలక్టర్లు ఉంటారు, 270 వస్తే గెలిచినట్టు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నా ఆ రాష్ట్రంలోని ఎలక్టర్లంతా వాళ్ల ఖాతాలోకే పోతారు. మిగతా రాష్ట్రాల లెక్క తేలేసరికి ఇద్దరికీ 270 రాలేదు. ఫ్లోరిడా ఒక్కటే మిగిలింది. దాని 25 మంది ఎలక్టర్లు ఎటు పోతే వాళ్లే అధ్యక్షుడు.

ఆ రాత్రి టీవీ వాళ్లు ముందు ఫ్లోరిడా గోర్‌దన్నారు, తర్వాత కాదన్నారు, అర్ధరాత్రి దాటాక బుష్‌దన్నారు, తెల్లవారకముందే అదీ కాదన్నారు. గోర్ బుష్‌కి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకుని, కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. దాదాపు 60 లక్షల ఓట్లలో బుష్ ఆధిక్యం మొదట 1,784. తేడా అర శాతం లోపు ఉంటే యంత్రాలతో మళ్లీ లెక్కపెట్టాలని అక్కడి చట్టం. అలా లెక్కపెడితే అది 327కి పడిపోయింది. తర్వాత విదేశాల్లో ఉన్నవాళ్ల పోస్టల్ ఓట్లు కలిసి 930 అయింది. నవంబరు 26న అధికారికంగా ప్రకటించిన అంకె 537. అప్పట్లో ఆ 537 గురించి వినని వాళ్లు లేరు.

ఈ అంకెను ఎవరు ప్రకటించారన్నది ముఖ్యం. మనకున్నట్టు దేశం మొత్తానికీ ఒక ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఎన్నికలు నడిపేది రాష్ట్రాలు, రాష్ట్రాల్లో మళ్లీ కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. ఫ్లోరిడాలో 67 కౌంటీలు. బ్యాలెట్ ఎలా ఉండాలి, ఏ యంత్రం వాడాలి అన్నది చాలా మటుకు ఎక్కడికక్కడే తేల్చుకుంటారు. పైన ఫలితాన్ని ధ్రువీకరించేది సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే రాష్ట్ర అధికారి. ఆవిడ పేరు కాథరిన్ హారిస్. ఆవిడే ఆ రాష్ట్రంలో బుష్ ప్రచార కమిటీకి సహాధ్యక్షురాలు. గవర్నరు జెబ్ బుష్, అభ్యర్థికి స్వయానా తమ్ముడు. మన దగ్గర ఒక జిల్లా కలెక్టరు ఒక పార్టీ ప్రచార కమిటీలో ఉంటూ రిటర్నింగ్ అధికారిగా కూర్చుంటే ఊరుకుంటామా? అక్కడ చట్టం దాన్ని ఆపలేదు. ఆవిడ తీసుకున్న ప్రతి నిర్ణయం చట్టపరంగా సరైనదే అనుకున్నా, సగం మంది జనం దాన్ని నమ్మరు. ఆ అపనమ్మకం మొదటి రోజు నుంచే ఉంది.

ఇక బ్యాలెట్ దగ్గరికి వద్దాం. నేను చెప్పాలనుకున్నదంతా ఆ కాగితం ముక్కలోనే ఉంది.

పామ్ బీచ్ అని ఒక కౌంటీ. పదవీ విరమణ చేసి వచ్చి స్థిరపడ్డ వృద్ధులు ఎక్కువ. వాళ్లకి అక్షరాలు బాగా కనిపించాలని అక్కడి ఎన్నికల అధికారి, ఆవిడ డెమోక్రాటే, అక్షరాల సైజు పెంచారు. సైజు పెంచితే పేర్లన్నీ ఒక పేజీలో పట్టలేదు. అందుకని ఇదిగో, ఈ పుస్తకం తెరిచి పట్టుకున్నాను చూడండి, ఇలా ఎడమ పేజీలో కొన్ని పేర్లు, కుడి పేజీలో కొన్ని పేర్లు, మధ్యలో ఈ కుట్టు ఉన్నచోట నిలువుగా రంధ్రాల వరస. ఎడమ పేజీలో మొదటి పేరు బుష్, రెండో పేరు గోర్. కుడి పేజీలో పైన ఉన్నది పాట్ బ్యూకానన్ అనే మూడో అభ్యర్థి. రంధ్రాలేమో అటొకటి, ఇటొకటిగా వెళ్తాయి. మొదటిది బుష్‌ది. రెండోది బ్యూకానన్‌ది. మూడోది గోర్‌ది. ఎడమవైపు రెండో పేరు చూసుకుని రెండో రంధ్రం పొడిచిన పెద్దాయన ఓటు ఎవరికి పడింది? బ్యూకానన్‌కి.

ఆ కౌంటీలో బ్యూకానన్‌కి 3,400 దాకా ఓట్లు వచ్చాయి. ఆయనే టీవీలో కూర్చుని, అందులో కొన్ని నావి కాకపోవచ్చని ఒప్పుకున్నాడు. పొరపాటు తెలుసుకుని మళ్లీ గోర్ రంధ్రం కూడా పొడిచిన వాళ్లున్నారు, రెండేసి రంధ్రాలు పడ్డ ఓట్లు ఆ ఒక్క కౌంటీలోనే 19 వేలకి పైన. అవన్నీ చెల్లని ఓట్లు. 537 తేడా పక్కన 19 వేలు. ఇంకోసారి పోలింగ్ పెట్టమని కోర్టుకెళ్లారు. బ్యాలెట్ చట్టానికి సరిపడానే ఉందని కోర్టు కొట్టేసింది. సాయం చేద్దామని పెంచిన అక్షరాలు ఆ వృద్ధుల ఓట్లనే మింగేశాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు, అయినా ఇంత నష్టం జరిగింది. అందుకే ఇది నన్ను ఇంకా కలచివేస్తుంది.

రెండో సంగతి ఆ రంధ్రాలు. అది పంచ్ కార్డు. బస్సు టికెట్టు కంటే కొంచెం దళసరి అట్ట. దాని మీద ముందే చిన్నచిన్న చతురస్రాలు సగం కోసి ఉంటాయి. పుల్లలాంటి దానితో పొడిస్తే ఆ చతురస్రం ఊడి కింద పడాలి. ఆ ఊడే ముక్క పేరు చాడ్. ముసలివాళ్ల చేతి బలం చాలక, యంత్రం అడుగున పాత ముక్కలు పేరుకుపోయి, కొన్ని పూర్తిగా ఊడలేదు. ఒక మూల మాత్రమే అంటుకుని వేలాడేవి కొన్ని. నాలుగు మూలలూ అలాగే ఉండి మధ్యలో ఉబ్బినవి కొన్ని. చిన్న సొట్ట పడి ఊరుకున్నవి కొన్ని. యంత్రానికి వెలుతురు దూరితేనే ఓటు. ముక్క వేలాడుతుంటే అది రంధ్రాన్ని మూసేస్తుంది, అప్పుడు యంత్రం ఓటే లేదంటుంది. మనిషి చేతిలోకి తీసుకుని చూస్తే ఓటు వేసినట్టు తెలుస్తుంది. భూతద్దం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని కార్డు వంక చూస్తున్న ఒక జడ్జి ఫోటో అప్పట్లో ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ప్లీడరుగా కొత్తలో ఒక పంచాయతీ ఎన్నికలో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. స్కూలు గది, రెండు బల్లలు, బయట జనం గోల. ఒక బ్యాలెట్ దగ్గర ఆగిపోయాం. ఉంగరం గుర్తు మీద ముద్ర ముదురుగా ఉంది, కత్తెర గుర్తు మీద లేతగా ఇంకో మచ్చ ఉంది. రెండు వైపుల ఏజెంట్లూ లేచి అరవడం మొదలుపెట్టారు. అధికారి నోరు మెదపకుండా ఆ కాగితాన్ని పాత మడత మీదుగానే మళ్లీ మడిచారు. రెండు మచ్చలూ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చున్నాయి. తర్వాత విప్పి, "ముద్ర చేతులు ఎటు తిరిగాయో చూడండి" అన్నారు. మన ఓటు ముద్ర స్వస్తిక్ ఆకారంలో ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది. అసలు ముద్ర చేతులు ఒక దిక్కుకి తిరుగుతాయి. మడతలో అంటుకున్న మచ్చ అద్దంలో బొమ్మలా వాటికి ఎదురు దిక్కుకి తిరుగుతుంది. ఇక అనుమానానికి తావే లేదు. ఓటు ఉంగరానికి పోయింది. అరిచినవాళ్లు కూర్చున్నారు.

ఆ ముద్రని ముందే ఆలోచించి తయారు చేసిన వాళ్లకి నేను చేతులెత్తి దండం పెడతాను. ఓటు పడకముందే, తగాదా ఎక్కడ వస్తుందో ఊహించి, దానికి జవాబు ముద్రలోనే పెట్టారు. మన 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56వ నియమం చూడండి. గుర్తు మసగ్గా ఉన్నా, ఒకటికి రెండుసార్లు పడినా, ఓటరు ఉద్దేశం ఫలానా అభ్యర్థికే అని స్పష్టంగా తెలుస్తుంటే ఆ ఓటుని తోసిపుచ్చకూడదని అందులో ఉంది. ఫ్లోరిడా చట్టంలోనూ ఇదే మాట ఉంది, ఓటరు ఉద్దేశం స్పష్టంగా కనబడాలి అని. కానీ సొట్ట పడితే ఉద్దేశం ఉన్నట్టా? ఒక మూల ఊడితేనా, రెండు మూలలా? అది రాసిపెట్టలేదు. పామ్ బీచ్‌లో లెక్కిస్తూ లెక్కిస్తూనే ప్రమాణం మార్చారు. మొదట 1990 నాటి పద్ధతి (ముక్క పూర్తిగా అంటుకుని ఉంటే ఓటు కాదని), తర్వాత వెలుతురు దూరితే చాలన్నారు, మళ్లీ పాత పద్ధతి, చివరికి అదీ లేదు. పక్కనున్న బ్రోవార్డ్ కౌంటీలో ఇంకా ఉదారంగా లెక్కించారు. ఒకే కార్డు ఒక కౌంటీలో ఓటు, పక్క కౌంటీలో చిత్తు కాగితం. సుప్రీంకోర్టు దాకా పోయిన అసలు ప్రశ్న ఇక్కడే పుట్టింది.

గోర్ లాయర్లు ఒక తప్పు చేశారు. రాష్ట్రమంతా చేత్తో లెక్కపెట్టమని చట్టప్రకారం గట్టిగా అడగకుండా, తమకి బలమున్న నాలుగు కౌంటీల్లోనే అడిగారు. పామ్ బీచ్, బ్రోవార్డ్, మయామీ-డేడ్, వొలూసియా. న్యాయం మా పక్షాన ఉందని చెప్పేవాడు నాలుగు చోట్లే లెక్కించమంటే వినేవాడికి ఎలా ఉంటుంది? క్లయింటుకి లాభమైన చోట మాత్రమే చూడటం మన వృత్తిలో అలవాటు, కానీ అది ఒక్కోసారి క్లయింటునే ముంచుతుంది.

కోర్టు కథ త్వరగా చెప్తాను. ఫలితం ధ్రువీకరించే గడువుని ఫ్లోరిడా సుప్రీంకోర్టు మొదట నవంబరు 26 దాకా పొడిగించింది. ఫలితం ప్రకటించాక గోర్ దాన్ని సవాలు చేశాడు, కింది కోర్టు కొట్టేసింది. డిసెంబరు 8న ఫ్లోరిడా సుప్రీంకోర్టు 4-3తో తిరగేసింది. యంత్రానికి ఓటు కనపడని కార్డులన్నీ రాష్ట్రమంతటా చేత్తో లెక్కపెట్టండి, అంది. మర్నాడు, డిసెంబరు 9, శనివారం. పొద్దున్నే లెక్క మొదలైంది. రాజధాని టాలహాసీలో జడ్జీలు ఒక పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని మయామీ-డేడ్ నుంచి తెచ్చిన కార్డులు ఒక్కొక్కటే తీస్తున్నారు. ఇలాంటి గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం కబురొచ్చింది. వాషింగ్టన్‌లోని సుప్రీంకోర్టు 5-4తో స్టే ఇచ్చింది. చేతిలో ఉన్న కార్డులు చేతిలోనే ఆగిపోయాయి.

న్యాయ విద్యార్థులు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. స్టే అడిగేటప్పుడు మనం రోజూ కోర్టులో ఏం చెప్తాం? పైకి చూడగానే కేసులో బలముంది, ఆపకపోతే మాకు పూడ్చలేని నష్టం, ఆపితే అవతలివాళ్లకి పెద్ద ఇబ్బంది లేదు. ఈ మూడే. ఓట్లు లెక్కపెడితే బుష్‌కి పూడ్చలేని నష్టమేమిటి? జస్టిస్ స్కాలియా దానికి కారణం రాశాడు. చెల్లుబాటు అనుమానంగా ఉన్న ఓట్లని లెక్కిస్తే, గెలిచానంటున్న వ్యక్తి గెలుపు మీద, దేశం మీద నీలినీడలు పడతాయని. జస్టిస్ స్టీవెన్స్ అదే మాటని తిప్పి కొట్టాడు. లెక్క పూర్తి కానివ్వకపోతేనే ఎన్నిక మీద నీడ పడుతుందని. నేను ఇన్నేళ్లలో ఈ రెండు పేరాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేను స్టీవెన్స్ పక్షం. కాగితం మీద ఉన్న ఓటుని లెక్కిస్తే వచ్చే అంకె తప్పని తర్వాత తేలితే, ఆ అంకెని చెరిపేయొచ్చు. లెక్కించకుండా పోయిన సమయాన్ని ఏ కోర్టూ తిరిగి ఇవ్వలేదు.

డిసెంబరు 11న వాదనలు. బుష్ తరఫున టెడ్ ఓల్సన్, గోర్ తరఫున డేవిడ్ బాయీస్. (తర్వాత కొన్నేళ్లకి ఈ ఇద్దరే ఒకే పక్షాన నిలబడి, కాలిఫోర్నియాలో స్వలింగ వివాహ హక్కు కోసం కేసు నడిపారు. కోర్టులో ఎదురెదురుగా నిలబడటం శత్రుత్వం కాదని మా జూనియర్లకి ఇదే ఉదాహరణ చెప్తుంటాను.) డిసెంబరు 12 రాత్రి సుమారు 10 గంటలకి తీర్పు.

తీర్పులో రెండు భాగాలు. మొదటిది, కౌంటీకొక ప్రమాణంతో లెక్కించడం సమానత్వ హక్కుకి విరుద్ధమని. అంతర్యుద్ధం తర్వాత, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ల రక్షణ కోసం 1868లో తెచ్చిన 14వ సవరణ దీనికి ఆధారం. మన రాజ్యాంగం 14వ అధికరణంలో ఉన్న "చట్టాల సమాన రక్షణ" అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. ఈ సమస్య ఉందని 9 మందిలో 7 గురు ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకుంటాను. ఒకే సొట్టకి రెండు చోట్ల రెండు విలువలు ఉండకూడదు.

రెండో భాగం దగ్గరే నా ఫిర్యాదు. ప్రమాణం లేకపోతే ఏం చేయాలి? ఇదీ ప్రమాణం అని చెప్పి లెక్కపెట్టమనాలి. జస్టిస్ సౌటర్, జస్టిస్ బ్రేయర్ అదే అన్నారు. ఎలక్టర్లు ఓటు వేసేది డిసెంబరు 18న, అప్పటిదాకా అవకాశం ఇవ్వండి అన్నారు. కానీ 5 గురి మాట వేరు. రెన్‌క్విస్ట్, స్కాలియా, థామస్, ఓకానర్, కెన్నెడీ. డిసెంబరు 12 లోపు తేలిన ఫలితాన్ని పార్లమెంటు ప్రశ్నించకూడదని ఒక పాత చట్టముంది, ఆ రక్షణ పొందాలన్నదే ఫ్లోరిడా ఉద్దేశం, ఇవాళే 12, ఇక టైము లేదు, అంతే. లెక్క ఆపించింది కోర్టే. టైము లేదన్నదీ కోర్టే. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టయింది. దానికి తోడు, ఈ తీర్పు ప్రస్తుత పరిస్థితులకే పరిమితం అని ఒక వాక్యం. ఇవాళ ఒకరికి చెప్పిన న్యాయం రేపు ఇంకొకరికి వర్తిస్తుందన్న నమ్మకం మీదే కదా మనం కోర్టుకెళ్లేది. ఆ నమ్మకాన్నే ఆ వాక్యం కాదంది.

స్టీవెన్స్ తన అసమ్మతి తీర్పులో రాసినదాని సారం ఇది. ఈ ఎన్నికలో ఎవరు గెలిచారో మనకి పూర్తి నిశ్చయంగా ఎప్పటికీ తెలియకపోవచ్చు, ఓడిందెవరో మాత్రం స్పష్టం, జడ్జి నిష్పక్షపాతి అని దేశం పెట్టుకున్న నమ్మకమే ఓడింది. జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి చివర మామూలుగా రాసే "గౌరవపూర్వకంగా" అన్న మాట వదిలేసి, "అసమ్మతి తెలుపుతున్నాను" అని ముగించింది. ఆవిడ అంతకు మించి ఏమీ అనక్కర్లేకపోయింది.

ఆ గడువుల గొడవ ఎక్కడిదో ఒక్క మాట. 1876 అధ్యక్ష ఎన్నికలో హేస్, టిల్డెన్ మధ్య ఇలాగే 20 ఎలక్టర్ల మీద తగాదా వచ్చింది. 15 మందితో కమిషన్ వేశారు, అందులో 5 గురు సుప్రీంకోర్టు జడ్జీలు. ప్రతి తగాదా 8-7తో, పార్టీల వారీగానే తేలింది. హేస్ 185, టిల్డెన్ 184. ఆ చేదు మరిచిపోలేక 1887లో ఎలక్టోరల్ కౌంట్ చట్టం చేశారు. 113 ఏళ్ల తర్వాత దాని గడువే ఫ్లోరిడా మెడకి చుట్టుకుంది.

మనది వేరే జబ్బు, అది కూడా ఒప్పుకోవాలి. 329వ అధికరణం ప్రకారం మన దగ్గర ఎన్నిక మధ్యలో కోర్టులు వేలు పెట్టవు. 1952లో పొన్నుస్వామి కేసు నుంచి అదే దారి. అంతా అయ్యాక 45 రోజుల్లో హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేసుకోవాలి. 6 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నేను చూసిన పిటిషన్లలో పదవీకాలమే అయిపోయినవి ఉన్నాయి. వాళ్లు తొందరలో లెక్క ఆపేశారు. మనం తొందరపడకుండా తీర్పే ఆపేస్తాం.

ఇక 2020. ఈసారి జార్జియా. బైడెన్ ఆధిక్యం 11,779. దాదాపు 50 లక్షల ఓట్లున్నాయి. అక్కడి సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్, ట్రంప్ పార్టీ మనిషే. ఆయన రాష్ట్రంలోని ప్రతి కాగితాన్నీ చేత్తో లెక్కించాడు. తర్వాత యంత్రాలతో ఇంకోసారి. ఎన్నికనాటి లెక్కతో కలిపి మూడుసార్లు. గెలిచింది బైడెనే. తర్వాత, 2021 జనవరి 2న ట్రంప్ ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతికి పెట్టమన్నప్పుడు, ఆయన కుదరదని చెప్పగలిగాడంటే కాళ్ల కింద గట్టి నేల ఉంది కాబట్టే. ఆ నేల పూర్తయిన లెక్క. 2000లో ఫ్లోరిడాలో ఎవరికీ లేనిది అదే.

ట్రంప్, ఆయన పక్షం వాళ్లు 60కి పైగా కేసులు వేశారు, దాదాపు అన్నీ పోయాయి. పెన్సిల్వేనియా కేసులో తీర్పు రాసిన జడ్జి స్టెఫనోస్ బిబాస్‌ని నియమించింది ట్రంపే. ఎన్నికలో అన్యాయం జరిగిందని అన్నంత మాత్రాన జరిగినట్టు కాదు, నిర్దిష్టమైన ఆరోపణ కావాలి, ఆ తర్వాత రుజువు కావాలి, ఇక్కడ రెండూ లేవు అని రాశాడు. టీవీ ముందు ఎంతైనా మాట్లాడొచ్చు. జడ్జి ముందు నిలబడి "మీ దగ్గర సాక్ష్యమేది?" అని అడిగించుకున్నప్పుడే లాయరు గొంతు మారుతుంది. పెన్సిల్వేనియా, ఇంకో మూడు రాష్ట్రాల ఎన్నికల మీద టెక్సస్ రాష్ట్రం నేరుగా సుప్రీంకోర్టుకెళ్తే, ఇంకో రాష్ట్రం ఎన్నిక ఎలా నడుపుకుందో అడిగే అర్హత నీకు లేదని డిసెంబరు 11న తిప్పి పంపింది.

2000 నాటి కేసు వేర్లు ఇప్పటికీ అక్కడక్కడా పైకి లేస్తూనే ఉన్నాయి. అప్పట్లో రెన్‌క్విస్ట్ విడిగా రాసిన అభిప్రాయంలో, అధ్యక్ష ఎన్నికల పద్ధతి రాష్ట్ర శాసనసభ చేతిలోనిది, దాన్ని రాష్ట్ర కోర్టు వక్రీకరించకూడదన్న వాదన ఉంది. దాన్ని సాగదీసి, రాష్ట్ర కోర్టులు అసలు వేలే పెట్టకూడదనే దాకా తీసుకెళ్లారు కొందరు. 2023లో నార్త్ కరోలినా నుంచి వచ్చిన మూర్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో దాన్ని తోసిపుచ్చింది. ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. 2000లో ఆ 36 రోజుల్లో బుష్ పక్షానికి సాయం చేసిన లాయర్లలో ఆయనొకరు. కావనా, బారెట్ కూడా. ఆ ముగ్గురూ ఇవాళ అదే ధర్మాసనం మీద ఉన్నారు. మూర్ కేసులో ఆ ముగ్గురూ మెజారిటీతోనే ఉన్నారు, అది కూడా చెప్పాలి కదా.

అదే నార్త్ కరోలినాలో 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి పదవికి ఎన్నిక జరిగింది. అక్కడ జడ్జీలని కూడా ఓటుతో ఎన్నుకుంటారు. 55 లక్షల ఓట్లలో తేడా 734. ఓడిన అభ్యర్థి 60 వేలకి పైగా ఓట్లు చెల్లవన్నాడు. ఆ ఓట్లు వేసినవాళ్లు ఆ రోజు ఉన్న నియమాల ప్రకారమే వేశారు. ఆట అయిపోయాక నియమాలు మార్చకూడదని ఫెడరల్ జడ్జి తేల్చాడు, ఈ జడ్జిని నియమించింది కూడా ట్రంపే. 2025 మేలో, ఎన్నికైన 6 నెలలకి, గొడవ ముగిసింది.

ఇక జనవరి 6. ట్రంప్ మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనంలోకి చొరబడ్డ 2021 జనవరి 6 మీ అందరికీ తెలుసు. నేను 2001 జనవరి 6 గురించి చెప్తాను. ఎలక్టర్ల ఓట్లు లెక్కపెట్టే ఉభయసభల సమావేశానికి అధ్యక్షత వహించేది ఉపాధ్యక్షుడు. అప్పటి ఉపాధ్యక్షుడు ఎవరు? అల్ గోర్. తన ఓటమిని తనే చదివి వినిపించాలి. ఫ్లోరిడాలో నల్లజాతి వాళ్ల ఓట్లు చాలా ఎక్కువగా తిరస్కరణకి గురయ్యాయన్న ఆవేదనతో (అది నిజమేనని ఆ ఏడాదే పౌరహక్కుల కమిషన్ కూడా చెప్పింది) నల్లజాతి ప్రతినిధులు ఒక్కొక్కరే లేచి అభ్యంతరం చెప్పారు. వాళ్లంతా గోర్ మనుషులు, గోర్ కోసం లేచినవాళ్లు. చట్టప్రకారం అభ్యంతరం మీద ఒక సెనేటర్ సంతకం కూడా ఉండాలి. ఒక్కరూ సంతకం పెట్టలేదు. మాక్సిన్ వాటర్స్ అనే ప్రతినిధి, సెనేటర్ సంతకం లేకపోయినా నాకు లెక్కలేదు అంది. గోర్ ఏమన్నాడంటే, నియమాలకి లెక్కుంది. అని ఆ అభ్యంతరాన్ని పక్కన పెట్టాడు.

2021లో ఏమైందో చూశాక 2022లో ఆ 1887 చట్టాన్ని సవరించారు. ఉపాధ్యక్షుడిది లాంఛనమే, ఓట్లు ఆపే అధికారం లేదు అని స్పష్టంగా రాశారు. అభ్యంతరానికి ఇప్పుడు ఒక సెనేటర్ చాలడు, రెండు సభల్లోనూ ఐదో వంతు మంది కావాలి.

నా టైము అయిపోయింది. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: "సార్, ఇంతకీ ఫ్లోరిడాలో నిజంగా గెలిచిందెవరు?")

మంచి ప్రశ్న అమ్మా. దీనికి చిన్న జవాబు లేదు. 2001లో కొన్ని పెద్ద పత్రికలు, వార్తాసంస్థలు కలిసి షికాగో యూనివర్సిటీకి చెందిన పరిశోధన కేంద్రంతో ఆ చెల్లని కార్డులన్నీ, దాదాపు 1,75,000, ఒక్కొక్కటే పరీక్ష చేయించాయి. ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆదేశించిన లెక్క, అంటే ఆ శనివారం ఆగిపోయిన లెక్క, పూర్తయి ఉంటే బుష్‌దే పైచేయి అయ్యేది. గోర్ అడిగిన నాలుగు కౌంటీల లెక్కతోనూ అంతే. కానీ రాష్ట్రంలోని చెల్లని ఓట్లన్నీ, రెండేసి గుర్తులు పడ్డవాటితో సహా చూసి ఉంటే, గోర్ కొద్ది ఓట్లతో, 200 లోపు తేడాతో, ముందుండేవాడు.

ఆ రెండు గుర్తుల ఓట్లలో ఒక రకం ఉంది తల్లీ. బ్యాలెట్లో జాబితాలో లేని పేరు రాసుకోవడానికి కింద ఒక ఖాళీ గీత ఉంటుంది. కొందరు గోర్ పేరు దగ్గర గుర్తు పెట్టి, ఎందుకైనా మంచిదని కింద గీత మీద కూడా చేత్తో "గోర్" అని రాశారు. బుష్‌కి అలాగే చేసినవాళ్లూ ఉన్నారు. యంత్రం వాటిని రెండు ఓట్లుగా చదివి పక్కకి తోసేసింది. మన 56వ నియమం ముందు పెడితే వాటి ఉద్దేశం ఎవరికైనా అర్థమవుతుంది. ఆ 36 రోజుల్లో వాటిని లెక్కించమని గోర్ లాయర్లు అడగలేదు. ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆదేశంలోనూ అవి లేవు.